మన్యం నుండి శాసనసభకు: సున్నం రాజయ్య గారి ప్రజాజీవితం

(శ్రీ సీతారామచంద్రస్వామి వారి ఆలయ జీర్ణోద్ధరణ, విగ్రహ పునఃప్రతిష్ఠా మహోత్సవ సందర్భమున జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)

శ్రీ సీతారామచంద్ర పరబ్రహ్మణే నమః.



ఆహ్వాన పత్రికలో నా ప్రసంగ విషయం చూసి ఇద్దరు ముగ్గురు పెద్దలు నన్ను నిలవేసి అడిగారు. "మాస్టారూ, రాజయ్య గారు ఎర్రజెండా మనిషి కదా. గుడి సభలో ఆయన ఊసెందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం చెప్పకుండా ముందుకు పోవడం మర్యాద కాదు. రాజయ్య గారు మార్క్సిస్టు కమ్యూనిస్టు పార్టీకి చెందినవారు. ఆయనను ఈ వేదిక మీద రామభక్తునిగా తీర్చిదిద్ది చూపించే ఉద్దేశం నాకు లేదు. అలా చేస్తే అది ఆయనకూ అపచారమే, స్వామికీ అపచారమే. భద్రాచలం నియోజకవర్గం నుండి 1999లో, 2004లో, 2014లో, మూడు పర్యాయములు శాసనసభకు ఎన్నికైన వ్యక్తిగా, మన ఓట్లతో వెళ్ళిన వ్యక్తిగా మాత్రమే ఆయనను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. గుడి కట్టేవారికీ ప్రజల పని నెత్తిన వేసికొనేవారికీ ఉమ్మడిగా ఉండే చిక్కు ఒకటున్నది. ఆ చిక్కు మన భద్రాద్రి కథలోనే ఉన్నది కనుక అక్కడి నుండే మొదలుపెడతాను.

భద్రాచల క్షేత్ర చరిత్రలో మనందరం చెప్పుకొనే మనుషులు ఇద్దరు. ఒకరు పోకల దమ్మక్క. పుట్టలో ఉన్న స్వామిని గుర్తించి, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిన గిరిజన స్త్రీ అని పెద్దలు చెబుతారు. రెండవవారు కంచర్ల గోపన్న. నేలకొండపల్లిలో పుట్టి, గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయినవాడు. శిస్తు సొమ్ముతో ఆలయం కట్టించాడని, అందుకు చెరసాల పాలయ్యాడని, చివరకు ఆరు లక్షల పైకం స్వామివారే చెల్లించి రసీదు తెచ్చారని మన నమ్మకం. ఆ కథను మనం ఎప్పుడూ భక్తి వైపు నుండే వింటాం. కొంచెం కచేరీ వైపు నుండి కూడా విని చూడండి. అది ప్రజల సొమ్ముకు లెక్క చెప్పవలసి వచ్చిన ఒక ఉద్యోగి కథ. అంతటి రామదాసుకు కూడా లెక్క తప్పలేదు. స్వామి వచ్చినా రసీదు లేకుండా వ్యవహారం తేలలేదు. ఈ ఆలయ సంఘం వారు పది రూపాయల చందాకు కూడా రసీదు ఇచ్చారంటే అది ఈ నేలకు పాత అలవాటే అనుకొంటాను.

ఇక రాజయ్య గారి విషయం. ఆయన స్వగ్రామం సున్నంవారిగూడెం. అది వర రామచంద్రాపురం మండలంలో ఉన్నది. మనం వాడుకలో వీ.ఆర్.పురం అంటున్నాం గాని, ఆ మండలం పేరులోనే రామచంద్రుడు ఉన్నాడన్న సంగతి తరచు మరచిపోతాం. కొండమీద రాముడు కొలువైన శ్రీరామగిరి ఆ మండలంలోనిదే. పాపికొండల పడవలు బయలుదేరే పోచవరం కూడా ఆ మండలంలోనిదే. ఎగువన కూనవరం వద్ద శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఉన్న సీమ అది. చింతూరు దాటితే ఛత్తీస్‌గఢ్, ఇంకొంచెం పక్కకు పోతే ఒడిశా. మూడు ప్రభుత్వాలు కలిసే చోట సాధారణంగా ఏ ప్రభుత్వమూ పూర్తిగా కనిపించదు. అడవి అంచున బ్రతికినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

అటువంటి చోటినుండి శాసనసభకు వెళ్ళినవారిలో రాజయ్య గారు మొదటివారు కారు. 1978లోను, 1983లోను ముర్ల ఎర్రయ్య రెడ్డి గారు, 1985, 1989, 1994లలో కుంజా బొజ్జి గారు ఇదే నియోజకవర్గం నుండి, ఇదే పార్టీ నుండి ఎన్నికయ్యారు. బొజ్జి గారిది కూడా వీ.ఆర్.పురం మండలమే, అడవి వెంకన్నగూడెం. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరిన నాడు మనకు శాసనసభ్యులు ఆయనే. ఇప్పటికీ అంతకు మించిన వరద రాలేదు. నది ఆవలి పక్కన ఇల్లెందు నుండి గుమ్మడి నర్సయ్య గారు ఐదు పర్యాయములు ఎన్నికయ్యారు. సైకిలు మీద తిరిగే శాసనసభ్యుడు అంటే ఆ ప్రాంతంలో పేరు చెప్పకుండానే తెలిసేది. వారి వారి పార్టీలు వేరు, మార్గాలు వేరు. వారిలో వారికి పొసగని విషయాలూ ఉన్నవి. కాని పదవిలోకి వెళ్ళినప్పుడున్న ఇంటితోనే పదవి దిగి రావడం అనే సంప్రదాయం ఈ అడవి అంచున ఒకటి ఏర్పడింది. రాజయ్య గారు ఆ సంప్రదాయంలోకి వచ్చినవారు.

ఆయన ఆర్టీసీ బస్సులో హైదరాబాదు వెళ్ళేవారని, శాసనసభకు ఆటోలో వెళ్ళేవారని మీరందరూ వినే ఉంటారు. ఆటోలో వచ్చిన మనిషి శాసనసభ్యుడంటే కావలివాళ్ళు నమ్మక గేటు వద్ద ఆపివేశారన్న వార్త కూడా పత్రికలలో వచ్చింది. ఆ పార్టీ నియమం ప్రకారం శాసనసభ్యుని జీతం పార్టీకి జమ అవుతుంది. పార్టీ ఇచ్చే భృతి మీద సభ్యుడు గడుపుకోవాలి. కాబట్టి ఇందులో ఆయన స్వభావం ఎంత, పార్టీ కట్టుబాటు ఎంత అని ఎవరైనా అడుగవచ్చు. అడగవలసిన మాటే. నా మటుకు నేను, బస్సెక్కినంత మాత్రాన ఎవరూ మంచి ప్రతినిధి కాలేరని అనుకొంటాను. నిరాడంబరత ఒక్కటే చూపించి మిగతా లెక్క ఎగవేసినవారినీ మనం చూశాం. అయితే బస్సులో ఒక సౌకర్యం ఉన్నది. పక్క సీటులో ఎవరు కూర్చుంటారో మన చేతిలో లేదు. తునికాకు కల్లంలో కట్టలు లెక్క తక్కువ వేశారని చెప్పే ఆడమనిషి కావచ్చు, పట్టా కాగితం పట్టుకొని ఐటీడీఏ కార్యాలయానికి నాలుగోసారి పోతున్న వృద్ధుడు కావచ్చు. అర్జీ ఇవ్వడానికి వారు ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. భద్రాచలం నుండి హైదరాబాదు దాకా ఒక రాత్రి ప్రయాణం. ఆ రాత్రంతా శాసనసభ్యుడు వారికి దొరికిన మనిషే.

2014 వరకు ఉన్న భద్రాచలం నియోజకవర్గం ఎంత పెద్దదో ఇప్పటి యువకులకు తెలియకపోవచ్చు. వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, వీ.ఆర్.పురం, చింతూరు, ఇన్ని మండలాలు. ఒక కొసనుండి ఇంకొక కొసకు పోవాలంటే రోజు గడిచేది. వర్షాకాలంలో వాగు పొంగితే ఆ రోజు కూడా చాలదు. ఈ మండలాలలో మనుషుల ప్రాణాలన్నీ మూడు నాలుగు విషయాల చుట్టూ తిరిగేవి. పోడు భూమి, అడవి ఫలసాయం ధర, రోగం వస్తే ఆసుపత్రికి చేరడం, గోదావరి.

పోడు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అడవి నరికి, కాల్చి, ఆ బూడిదలో జొన్నలూ కందులూ చల్లుకొనే సేద్యం ఇది. కాగితాల మీద ఆ భూమి అటవీశాఖది. దున్నేవాని తాత కాలం నుండి అది వాని కుటుంబానిది. ప్రతి సంవత్సరమూ తొలకరి రాగానే నాగలి పట్టినవానికి, లాఠీ పట్టినవానికి మధ్య తగవు. రాజయ్య గారు రెండవసారి శాసనసభలో ఉన్న కాలంలో, 2006లో, పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని చేసింది. 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, హక్కు గుర్తించాలని అందులో ఉన్నది. అప్పటి కేంద్ర ప్రభుత్వానికి వామపక్షాలు బయటనుండి మద్దతు ఇస్తున్నవి. ఆ చట్టం వెనుక ఢిల్లీలో అనేకుల కృషి ఉన్నది. అది ఒక్కరి ఖాతాలో వేయరాదు. కాని చట్టం ఢిల్లీలో పుట్టినా, అర్జీ గూడెంలోనే పుట్టాలి. గ్రామసభ కూర్చోవాలి, హద్దులు చూపాలి, సాక్ష్యం చెప్పే పెద్దమనిషి నిలబడాలి. చదువు అంతంతమాత్రమైన గూడేలలో ఇది చిన్న పని కాదు. గిరిజనుల పక్షాన నిలిచిన కార్యకర్తలూ, వారి శాసనసభ్యులూ చేసిన అసలు పని శాసనసభలో కంటె ఇక్కడ ఎక్కువ.

ఇదే సందర్భంలో ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. 1/70 చట్టం గురించి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని, గిరిజనేతరుల నడుమ కూడా చేతులు మారరాదని చెప్పే నిబంధన అది. దానిని కాపాడాలన్నది రాజయ్య గారి పార్టీ వైఖరి. ఈ సభలో ఉన్న దాతలలో వ్యాపారులు ఉన్నారు, రెండు మూడు తరాల క్రితం మైదానం నుండి వచ్చి స్థిరపడిన రైతులు ఉన్నారు. ఇల్లు కట్టుకొన్న స్థలం మీద అప్పు పుట్టని కష్టం వారికి తెలుసు. ఆ చట్టం వారికి రుచించదు. ఆయనకు వారిలో చాలామంది ఓటు వేయలేదు. ఇందులో దాచవలసినది ఏమీ లేదు. అయినా దమ్మక్క వారసులకు దమ్మక్క నేల మిగలాలన్న వాదాన్ని రామాలయంలో కూర్చొని తేలికగా కొట్టివేయడం మాత్రం నాకు సాధ్యం కావడం లేదు.

2009 ఎన్నికలలో ఈ స్థానం కాంగ్రెసు పక్షాన కుంజా సత్యవతి గారికి దక్కింది. 2014లో రాజయ్య గారు మళ్ళీ గెలిచారు. నా దృష్టిలో ఆయన ప్రజాజీవితంలో అత్యంత బాధాకరమైన అధ్యాయం ఆ గెలుపుతోనే మొదలైంది.

తేదీలు గమనించండి. 2014 ఏప్రిల్ 30న మనం ఓటు వేశాం. మే 16న ఫలితం వచ్చింది. మే 29న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించింది. జూలైలో పార్లమెంటు ఆ ఆర్డినెన్సును చట్టం చేసింది. పోలవరం జలాశయం కొరకు ఖమ్మం జిల్లా నుండి ఏడు మండలాలకు చెందిన గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వీ.ఆర్.పురం మండలాలు పూర్తిగాను, బూర్గంపాడులో కొంత భాగము, భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప తక్కినదంతయు. ఎన్నికైన రెండు వారాలు నిండకముందే శాసనసభ్యుని సొంత ఊరు ఇంకొక రాష్ట్రానికి పోయింది. గెలిపించిన ఓటర్లలో పెద్ద భాగం సరిహద్దుకు ఆవల ఉండిపోయారు.

భద్రాచలం రాములవారికీ అదే గతి పట్టింది. స్వామివారి మాన్యం 800 ఎకరాలకు పైగా పురుషోత్తపట్నంలో ఉన్నది. ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకులపాడు, గుండాల, ఈ ఐదూ పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఊళ్ళు. అవి ఆవలికి పోయినవి. స్వామి ఇక్కడ, స్వామి భూమి అక్కడ. శాసనసభ్యుడు ఇక్కడ, ఆయన ఇల్లు అక్కడ. ఎర్రజెండా మనిషి ఊసు గుడి సభలో ఎందుకన్నవారికి నేను చెప్పగల సమాధానం ఇదే. ఒకే గీత ఇద్దరి వాకిళ్ళనూ కోసింది.

నిజానికి ఆ సీమకు ఇది కొత్త కాదు. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఖమ్మం జిల్లాలో కలిశాయి. 2014లో వీ.ఆర్.పురం తిరిగి తూర్పుగోదావరికి పోయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. కదలకుండా ఒకే గూడెంలో కూర్చున్న ముసలివానికి ఇన్ని చిరునామాలు. అయితే 1959లో మారినది జిల్లా మాత్రమే. 2014లో రాష్ట్రమే మారింది. బియ్యం కార్డు, కుల ధ్రువపత్రం, పిల్లవాని కళాశాల ప్రవేశం, పట్టా, అన్నీ కొత్త కచేరీలో మళ్ళీ మొదలు. అంతకంటె విచిత్రం, 2014లో ఆ మండలాల ప్రజలు ఎన్నుకొన్న శాసనసభ్యుడు తెలంగాణ సభలో ఉండిపోయాడు. ఆంధ్రప్రదేశ్ సభలో వారు ఎన్నుకొన్నవారు ఎవరూ లేరు. 2019 ఎన్నికల వరకు వారి స్థితి అది. ఇళ్ళు మునుగుతాయని చెప్పిన ప్రజలకు, సరిగ్గా ఆ మునక లెక్కలు వేస్తున్న సంవత్సరాలలోనే, ఆ మునకను గురించి నిర్ణయించే సభలో నోరు లేకుండా పోయింది.

పోలవరం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. ఆ మట్టానికి నీరు నిలిస్తే ఏ గూడెం మిగులుతుంది, ఏది మిగలదు అన్నది అక్కడివారికి కంఠస్థం. రాజయ్య గారు మొదటినుండి నిర్వాసితుల పక్షాన నిలిచారు, మండలాల విలీనాన్ని వ్యతిరేకించారు. ప్రాజెక్టు వలన దిగువ జిల్లాల పొలాలకు నీరు వస్తుందన్నది కాదనలేము. అక్కడి రైతుకు అది అన్నం. మన సభలోనే ఆ జిల్లాలలో వియ్యంకులున్నవారు ఉన్నారు. కాని ఒకరి పంటకు ఇంకొకరి ఊరు వెల అయినప్పుడు, ఆ వెల ముందుగా, సక్రమంగా చెల్లించమని అడిగే మనిషి ఒకడు సభలో ఉండాలి కదా. తెలంగాణ తొలి శాసనసభలో 119 మంది సభ్యులు. అందులో మార్క్సిస్టు పార్టీకి ఉన్నది ఆయన ఒక్కరే. ఒక్క సభ్యునికి ఎంత సమయం ఇస్తారో, ఆ మాటకు ఎంత బలముంటుందో ఊహించుకోవచ్చు.

ఆయన చేపట్టిన పెద్ద పోరాటాలు గెలిచాయా అంటే, గెలవలేదనే చెప్పాలి. విలీనం ఆగలేదు. ప్రాజెక్టు ఆగలేదు. ఆయన శాసనసభ్యత్వం ముగిసిన నాటికి కూడా అడవి లోపలి గూడేలలో జ్వరం వచ్చినవారిని మంచం మీద మోసికొని వచ్చే రోజులు పోలేదు. ఆ లోటు ఎవరిదన్న ప్రశ్నకు అనేక ప్రభుత్వాలు సమాధానం చెప్పాలి, కాని ఆయన అభిమానులు కూడా దానిని మరువరాదు. ధర్నాలో పక్కన కూర్చున్నంత సులభంగా వంతెన తెప్పించడం ఆయన వల్ల కాలేదని విమర్శించినవారున్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. ప్రతిపక్షంలో ఉన్న సభ్యునికి నిధులు రాలడం ఎంత కష్టమో తెలిసినవారు కొంచెం తగ్గించి విమర్శిస్తారు.

2018 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ రద్దయింది. శాసనసభకు పోటీ చేసే వ్యక్తి ఆ రాష్ట్రంలో ఓటరుగా ఉండాలన్నది చట్టం. ఆయన ఊరు ఆవలి రాష్ట్రంలో ఉన్నది. 2019లో ఆయన ఆంధ్రప్రదేశ్‌లోని రంపచోడవరం నియోజకవర్గం నుండి నిలబడ్డారు. వీ.ఆర్.పురం, కూనవరం, చింతూరు, ఎటపాక మండలాలను అందులో కలిపారు. చింతూరు నుండి మారేడుమిల్లి ఘాటు మీదుగా పోతే తప్ప చేరలేని ఊళ్ళు, ఆయనను ఎరుగని ఓటర్లు. మూడుసార్లు శాసనసభ్యుడుగా ఉన్న వ్యక్తి, తన ఊరిని వదలకుండా, ఇంకొక రాష్ట్రంలో కొత్తగా ఓటు అడిగాడు. ఓడిపోయారు.

మరుసటి సంవత్సరం కరోనా వచ్చింది. ఆ రోజులు మన అందరి ఇళ్ళలోనూ ఏదో ఒక మచ్చ మిగిల్చినవే. 2020 ఆగస్టు 3వ తేదీ రాత్రి, భద్రాచలం నుండి విజయవాడ ఆసుపత్రికి తరలిస్తుండగా రాజయ్య గారు కన్నుమూశారు. అంత్యక్రియలు సున్నంవారిగూడెంలోనే జరిగాయి. మామూలు రోజులైతే ఎనిమిది మండలాల జనం తరలివచ్చేవారు. అప్పటి ఆంక్షల వలన రాలేకపోయారు. పెద్దాయన కుంజా బొజ్జి గారు 2021 ఏప్రిల్ 12న, 95 ఏళ్ళ వయసులో గతించారు. ఎనిమిది నెలల వ్యవధిలో వీ.ఆర్.పురం మండలం ఇద్దరు మాజీ శాసనసభ్యులను పోగొట్టుకొంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఆ ఐదు గ్రామాల వారు తమను తిరిగి తెలంగాణలో కలపమని రోడ్డు మీదికి వచ్చారు. అప్పుడు ఈ ఇద్దరిలో ఎవరూ లేరు.

చివరగా మన ఆలయానికి సంబంధించిన చిన్న విషయం. ముఖమండపం గోడకు అమర్చిన దాతల శిలాఫలకం మీరు చూసే ఉంటారు. అది చెక్కించే ముందు సంఘంలో ఒక చర్చ వచ్చింది. దాతలలో కొందరు కూనవరం, వీ.ఆర్.పురం, ఎటపాక వైపు వారు. చందా పుస్తకంలో జిల్లా, రాష్ట్రం అని గడులు ఉన్నవి. అవి కూడా రాతి మీద వేయించాలా అని శిల్పి అడిగాడు. పుస్తకంలో ఉన్నట్లే ఉండాలని కొందరు, అక్కరలేదని కొందరు అన్నారు. చాలాసేపు తేలలేదు. చివరకు ఒక పెద్దమ్మ, ఆమె ఇచ్చినది రెండు కుంచాల కందులు, "మా ఊరి పేరు రాయండి బాబూ, అదైతే మారదు" అన్నది. ఫలకం మీద ఇప్పుడు మనిషి పేరు, ఊరి పేరు మాత్రమే ఉన్నవి. సాయంత్రం తీర్థప్రసాదాలు స్వీకరించి వెళ్ళేటప్పుడు ఒకసారి చదువుకొని వెళ్ళండి.



సర్వం శ్రీ సీతారామార్పణమస్తు.